ప్రతి వేషానికీ ఒక ఊరు

బెంజి సర్కిల్ దగ్గర బందరు బస్సెక్కితే పటమట, కానూరు, పోరంకి, పెనమలూరు, గంగూరు దాటాక కంకిపాడు వస్తుంది. ఇప్పుడైతే దారి పొడుగునా అపార్టుమెంట్లూ ఫంక్షన్ హాళ్లే గానీ, 1942 జూలై 10న కోట శ్రీనివాసరావు అక్కడ పుట్టేనాటికి అది చేల మధ్య ఊరు. తండ్రి సీతారామాంజనేయులు డాక్టరు. కొడుక్కీ డాక్టరీ చదవాలనే ఉండేది, కుదర్లేదు. స్టేట్ బ్యాంకులో ఉద్యోగం దొరికింది. నాటకాల పిచ్చి మాత్రం ఉద్యోగం కంటే ముందే పట్టుకుంది.

కృష్ణా జిల్లాకు నటుల కరువు ఏనాడూ లేదు. నిమ్మకూరు ఎన్టీఆర్‌నిచ్చింది, గుడివాడ పక్క రామాపురం అక్కినేనినిచ్చింది. హీరోల సంగతి అలా ఉంచి పక్క వేషాల లెక్క తీసినా, నూజివీడులో పుట్టిన ఎస్వీ రంగారావు ఉన్నారు, కౌతవరం కైకాల సత్యనారాయణ ఉన్నారు. వాళ్లిద్దరికీ పుట్టుకతో వచ్చిన ఆస్తి ఒకటుంది, విగ్రహం. రంగారావు గుమ్మంలో నిలబడితే ఇక గుమ్మం కనపడదు. సత్యనారాయణ నెత్తిన యముడి కిరీటం పెడితే కిరీటమే చిన్నదనిపిస్తుంది. కోటకు ఆ వెసులుబాటు లేదు. మధ్యరకం ఎత్తు. బ్యాంకు కౌంటర్ అవతల కూర్చుంటే డబ్బు లెక్కపెట్టుకుని వెళ్లిపోతాం తప్ప రెండోసారి తలెత్తి చూడం, అలాంటి ముఖం. ఆ ముఖంతోనే ఆయన నలభై ఏళ్లకు పైగా, 750కి మించిన సినిమాల్లో నిలబడ్డారు. తొమ్మిది నందులు తెచ్చుకున్నారు. 2015లో పద్మశ్రీ వచ్చింది.

ఎలా నిలబడ్డారంటే నాకు తోచే జవాబు ఒకటే: చెవి. నటుడికి నోరు, కళ్లు ఉండాలంటారు గానీ కోట పెట్టుబడంతా చెవిలో ఉంది. ఆయన వేషం నోరు విప్పగానే వాడు ఏ ఊరివాడో తెలిసిపోతుంది. ఊరు తెలిస్తే వాడింట్లో మంచం ఏ మూల వేసి ఉంటుందో, పొద్దున్నే పాలవాడితో ఏమని పేచీ పెట్టుకుంటాడో కూడా ఊహకు అందుతుంది. కథ రాసినాయన ఆ పాత్రకు ఒక పేరూ, నాలుగు దుర్మార్గాలూ ఇచ్చి ఊరుకుంటాడు. ఊరిచ్చేది కోట.

బ్యాంకు కౌంటర్ ఆ చెవికి మంచి బడి అయిందని నా అనుమానం. హైదరాబాద్‌లో బ్యాంకు ఉద్యోగమంటే రోజూ పదిరకాల తెలుగు అద్దానికి అవతలి నుంచి వచ్చి పలకరిస్తుంది. డబ్బు దగ్గర మనిషి అసలు గొంతు బయటపడుతుంది కూడా. సాయంత్రమయ్యాక రిహార్సల్. ఇరవై ఏళ్లు అలా గడిచాయి. నాటక పరిషత్తుల పోటీలు చూసినవాళ్లకు తెలుస్తుంది ఆ చదువు ఎలాంటిదో. ముందు వరసలో న్యాయనిర్ణేతలు కాగితాలు పట్టుకుని కూర్చుంటారు, వెనక వరసలో వేరుశనక్కాయలు వలుచుకుంటూ జనం కూర్చుంటారు. ఇద్దరికీ ఒకే మాట ఒకేలా వినపడాలి. గొంతు పెంచితే న్యాయనిర్ణేత మార్కు కోస్తాడు, తగ్గిస్తే వెనక నుంచి ఈల వస్తుంది.

సి.ఎస్.రావు రాసిన ‘ప్రాణం ఖరీదు’ నాటకం సినిమా అయినప్పుడు, అందులో ఆడుతున్న కోటకూ ఒక వేషం వచ్చింది. 1978 సెప్టెంబర్ 22న విడుదల. చిరంజీవి తెరమీద మొదట కనిపించిందీ ఆ సినిమాతోనే, అందుకని చరిత్రలో ఆ తారీఖు ఆయన పేరున పడిపోయింది. కోట మళ్లీ బ్యాంకుకు వెళ్లిపోయారు. తర్వాత ఏడేళ్లపాటు చెప్పుకోవడానికి పెద్దగా ఏమీ లేదు.

1985లో ‘ప్రతిఘటన’. టి.కృష్ణ దర్శకుడు, ఎం.వి.ఎస్. హరనాథరావు మాటలు, నిర్మాత రామోజీరావు. అందులో కాశయ్య అనే రాజకీయ నాయకుడు కోట. అంతకు పదేళ్ల ముందు ‘ముత్యాలముగ్గు’లో రావు గోపాలరావు విలన్ భాషను ఒక పద్ధతికి తెచ్చారు. ముళ్లపూడి వెంకటరమణ మాటలు, గోదావరి విరుపు, ప్రతి ముక్కా నోట్లో వేసుకుని రుచి చూసి వదలడం. ఆ తర్వాత వచ్చిన ప్రతి విలనూ అదే తాంబూలం నమలబోయాడు. కోట ఆ జోలికి పోలేదు. కాశయ్యకు తెలంగాణ యాస కట్టారు. కృష్ణా జిల్లా మనిషి నోట అది అరువు సొమ్మే, కానీ ఎక్కడా అరువులా వినపడదు. అరువు భాష మాట్లాడే నటుడు మామూలుగా పదాలు పట్టుకుంటాడు. ‘గిట్ల’, ‘గట్ల’ నాలుగు చల్లి యాస వచ్చేసిందనుకుంటాడు. కోట పట్టుకున్నది నడక. వాక్యం ఎక్కడ లేస్తుందో, ఎక్కడ కూర్చుంటుందో, క్రియ దగ్గరికొచ్చేసరికి ఎంత నెమ్మదిస్తుందో. కాశయ్య అరవడు. మనిషిని దగ్గరకు తీసుకునే ఆప్యాయమైన పలకరింపు ఆ యాసలో ఎంత ఉందో అంతా వాడుకుంటాడు. కత్తి దూసినవాణ్ని చూసి పారిపోవచ్చు. భుజం మీద చెయ్యేసినవాడి నుంచి ఎక్కడికి పోతాం?

ఇక్కడ ఒక మాట దాచకుండా చెప్పాలి. ఆ యాస అంత బాగా పండటం వల్ల ఒక నష్టమూ జరిగింది. తర్వాతి పదిహేనేళ్లు తెలుగు సినిమా తెలంగాణ మాటను విలన్‌కూ కమెడియన్‌కూ రాసిచ్చేసింది. హీరో మాత్రం ఎక్కడ పుట్టినా కృష్ణా, గుంటూరు తెలుగే మాట్లాడాడు. తెలంగాణ ఉద్యమ కాలంలో ఈ కోపం గట్టిగానే బయటికొచ్చింది, అందులో న్యాయముంది. ఆ తప్పు కోట ఒక్కరి మీద వేయలేం. ఆయన ఒక మనిషిని చేశారు, వెనకొచ్చినవాళ్లు ఆ మనిషిని అచ్చు పోసుకున్నారు. అలాగని ఆయన్ని పూర్తిగా వదిలేయనూ లేం. ఆ అచ్చులు చాలావాటిలో కూర్చున్నదీ ఆయనే.

‘అహ నా పెళ్లంట’ దగ్గర కాస్త ఆగుదాం. 1987. ఆదివిష్ణు ‘సత్యం గారిల్లు’ నవల ఆధారంగా జంధ్యాల తీశారు, రామానాయుడు నిర్మాత. పిసినారి లక్ష్మీపతి వేషానికి రామానాయుడు మొదట రావు గోపాలరావును అనుకున్నారనీ, కోటే కావాలని జంధ్యాల పట్టుబట్టారనీ కోట చాలా ఇంటర్వ్యూల్లో చెప్పుకున్నారు. జంధ్యాల పట్టుదల ఎందుకో సినిమా చూస్తే అర్థమవుతుంది. రావు గోపాలరావు మాటను అనుభవిస్తూ పలుకుతారు. లక్ష్మీపతి మాటను అనుభవించే మనిషి కాదు, అది కూడా ఖర్చే కదా. కోట ఆ సినిమా అంతా మాటను జేబులోంచి తీసి ఇచ్చినట్టు ఇస్తారు. ఇచ్చాక ఎక్కువ ఇచ్చానేమోనని అనుమానం. ‘నాకేంటి’ అనే రెండు ముక్కలు తెలుగువాళ్ల నోట నానుడైపోయాయంటే, ఆ చిన్న మాటలో ఆయన దాచిన లెక్క అలాంటిది. అది ప్రశ్నలా మొదలై రసీదులా ముగుస్తుంది.

కోడి సీను తెలియనివాళ్లు తక్కువ. పైకప్పు నుంచి కోడిని వేలాడదీసి, దాన్ని చూస్తూ ఉత్త అన్నం తినడం. కాగితం మీద అదొక చమత్కారం, అంతే. ఏ నటుడు చేసినా ఒక నవ్వు వస్తుంది. ముప్పై ఎనిమిదేళ్లు నిలిచే నవ్వు రావాలంటే ఇంకేదో కావాలి. ఈసారి జాగ్రత్తగా చూడండి, కోట అక్కడ నవ్వించే పని ఒక్కటి కూడా చేయరు. పైకి చూపు, కిందికి ముద్ద. చూపులో ఆకలి ఉంది, ముద్దలో తృప్తి ఉంది. రెండింటికీ మధ్య ఒక లిప్త ఉంది, ఆ లిప్తలో వాడు నిజంగా కూర తింటున్నాడు. లక్ష్మీపతి దృష్టిలో ఇది పిసినారితనం కానే కాదు. కోడిని కోసి తినేసేవాడు తెలివితక్కువవాడు, ఎందుకంటే రేపటికి కోడి ఉండదు. అదొక సిద్ధాంతం. సిద్ధాంతం ఉన్నవాడి ముఖంలో ఉండే ప్రశాంతత కోట ముఖంలో ఉంటుంది. విలన్‌గా ఎంత నిబ్బరంగా కూర్చుంటారో ఇక్కడా అంతే నిబ్బరం. హాస్యం కోసం ఆయన వేరే ముఖం తెచ్చుకోలేదు.

పక్కన అరగుండుగా బ్రహ్మానందం. ఆయన దశ తిరిగింది ఆ సినిమాతోనే. ఆయనది ఉడికిపోయే వేషం, లోపల తిట్లు కుతకుతలాడుతుంటాయి. ఆ ఉడుకు నవ్వు కావాలంటే ఎదుట ఒక రాయి ఉండాలి. కోట ఆ రాయి అయ్యారు. ఇద్దరున్న సీన్లలో జనం చూసేది బ్రహ్మానందాన్ని, కానీ సీను ఎప్పుడు మొదలవ్వాలో ఎప్పుడు ఆగాలో కోట చేతిలో ఉంటుంది. తబలా ఎగిరెగిరి పడుతుంటే పక్కన శ్రుతిపెట్టె ఊపిరి తీస్తూ ఉంటుంది చూడండి, అలా. నాటకంలో ఆ పనికి చప్పట్లు రావు. సహనటుడికి వచ్చే చప్పట్లలో వాటా ఉంటుందని తెలిసినవాడే ఆ పనికి ఒప్పుకుంటాడు.

లక్ష్మీపతి ఊరేదో సినిమాలో ఎవరు చెప్పినా చెప్పకపోయినా నాకు తెలుసు. వాడు కృష్ణా డెల్టావాడు. పొలం కౌలుకిచ్చి, కౌలు డబ్బు వడ్డీకిచ్చి, వడ్డీ డబ్బు ఎవరికీ ఇవ్వకుండా గోచీలో దోపుకున్న పెద్దమనిషి కాలవల కింద ప్రతి ఊళ్లోనూ ఒకడుండేవాడు. మా చిన్నప్పుడు అలాంటి ఒకాయన పెళ్లి భోజనానికి వచ్చి అరిటాకు మిగిలిపోతే ఇంటికి పట్టుకెళ్లడం నేను చూశాను. సినిమా చూసి ఇంటికొస్తూ మా నాన్న ఆయన పేరే చెప్పి నవ్వారు. ఊళ్లోవాళ్లకు ఎవరి లక్ష్మీపతి వాళ్లకుంటాడు.

కానూరు సంగతి మొదట్లోనే రావలసింది. కంకిపాడు వెళ్లే ఆ రోడ్డు మీదే, కానూరులోని సిద్ధార్థ ఇంజినీరింగ్ కాలేజీలో రామ్‌గోపాల్ వర్మ చదువుకున్నాడు. ఆ కాలేజీ రోజుల నుంచే ‘శివ’ పుట్టింది. 1989లో వచ్చిన ఆ సినిమాలో రఘువరన్ భవానీ అందరికీ గుర్తుంటాడు. భవానీని వాడుకుని పక్కన పెట్టగలిగే రాజకీయ నాయకుడు మాచిరాజు, కోట. చిన్న వేషం. పెద్ద డైలాగు లేదు, చెయ్యెత్తి కొట్టే సీను లేదు. భవానీని చూస్తే భయపడతాం, మాచిరాజును చూస్తే మన వీధి చివర కౌన్సిలర్ గుర్తుకొస్తాడు. నాలుగేళ్ల తర్వాత అదే వర్మ తీసిన ‘గాయం’లో గురునారాయణ. ఇతనికీ తెలంగాణ యాసే, కానీ కాశయ్య యాస కాదు. కాశయ్య మాటలో ఊరి మోతుబరి ధీమా ఉంటుంది. గురునారాయణ మాట పత్రికల వాళ్ల ముందు మాట్లాడి మాట్లాడి అరిగిపోయిన మాట. ‘ఖండిస్తున్నా’ అనే ఆ మాట చూడండి. పత్రికా ప్రకటనలో తప్ప ఇంకెక్కడా బతకని మాట అది. దాన్ని తెచ్చి నాటు యాసలో పెట్టేసరికి మనిషి మొత్తం రెండు ముక్కల్లో కనిపిస్తాడు, పై చొక్కా అసెంబ్లీది, లోపలి బనీను బస్తీది. ఇద్దరు రాజకీయ నాయకులకు ఒకే యాసలో రెండు అంతస్తులు కట్టడం చూశాక, యాసతో నెట్టుకొచ్చాడని కోటను ఎవరైనా అంటే నేను ఒప్పుకోను.

వర్మ ఆయన్ని మర్చిపోలేదు. 2005లో హిందీ ‘సర్కార్’ తీసినప్పుడు అమితాబ్ బచ్చన్ ఎదుట సెల్వర్ మణిగా కూర్చోబెట్టాడు. తమిళులకు ఆయన 2003లో వచ్చిన ‘సామి’ పెరుమాళ్ పిచ్చై. తిరునల్వేలి వీధుల్ని గుప్పిట్లో పెట్టుకున్న మనిషి. కంకిపాడు ఎక్కడ, తిరునల్వేలి ఎక్కడ!

తొంభైల సంగతి మాత్రం త్వరగా దాటేస్తాను. ‘మామగారు’తో బాబూ మోహన్‌తో జోడీ కుదిరింది, జనం వెర్రిగా నవ్వారు, ఆ జోడీని సినిమా తర్వాత సినిమాలో అరగదీశారు. కోట తన్నడం, బాబూ మోహన్ పడటం. మొదటి నాలుగు సినిమాల్లో దానికి ఒక తాళం ఉంది, తర్వాత అలవాటు మిగిలింది. ఏడాదికి పదుల సినిమాలు చేసే నటుడు తన్ను తాను నకలు కొట్టుకోక తప్పదు. కోటా కొట్టుకున్నారు. అయినా ఆ గుంపులో ‘హలో బ్రదర్’ తాడి మట్టయ్య, ‘మనీ’లో అల్లావుద్దీన్ లాంటివాళ్లు తలెత్తి చూస్తుంటారు. అమెరికాలో రోజర్ ఈబర్ట్ అనే సినిమా విమర్శకుడు సరదాగా ఒక సూత్రం పెట్టాడు. హ్యారీ డీన్ స్టాంటన్ గానీ ఎం. ఎమ్మెట్ వాల్ష్ గానీ పక్క వేషంలో ఉంటే ఆ సినిమా పూర్తిగా చెడ్డది కాలేదట. మన దగ్గర ఆ సూత్రం పనిచేయదు. కోట ఉన్న సినిమాలు పూర్తిగా చెడ్డవి బోలెడున్నాయి. ఆయన కనిపించిన ఐదు నిమిషాలు మాత్రం కుర్చీలోంచి లేవబుద్ధి కాదు.

1999లో విజయవాడ తూర్పు నుంచి బీజేపీ తరఫున ఎమ్మెల్యేగా గెలిచి 2004 దాకా ఉన్నారు. అన్నేళ్లుగా తెరమీద మంత్రుల్ని దుమ్మెత్తిపోసేలా చేసిన మనిషికి ఓటేసి మరీ పంపింది బెజవాడ. ఆ ఐదేళ్ల గురించి రాసేందుకు వేరే కలం కావాలి, నా దృష్టి వేషాల మీదే.

పదవి ముగిసిన ఆ 2004లోనే ‘ఆ నలుగురు’ వచ్చింది. చంద్రసిద్ధార్థ దర్శకుడు. కోట అందులో కోటయ్య, వడ్డీ వ్యాపారి, పిసినారి. ఎదుట రాజేంద్రప్రసాద్. పదిహేడేళ్ల క్రితం లక్ష్మీపతి కూతురి కోసం పిసినారి వేషం కట్టిన కుర్రాడు ఇప్పుడు రఘురామ్, పదిమందికి పెట్టి అప్పులపాలైన పెద్దమనిషి. అదే ఇద్దరు నటులు, అదే డబ్బు తగాదా, ఈసారి మధ్యలో పాడె ఉంది. లక్ష్మీపతిని తెచ్చి ఇక్కడ కూర్చోబెట్టడం కోటకు చాలా తేలిక. జనం కూడా సంతోషించేవారు. ఆయన ఆ పని చేయలేదు. లక్ష్మీపతికి పైసా కూడబెట్టడం సుఖం, కోటయ్యకు అది వృత్తి. లక్ష్మీపతి కళ్లు వస్తువుల మీద తిరుగుతాయి, కోటయ్య కళ్లు మనుషుల మీద తిరుగుతాయి, ఎవరు ఎంతకు వస్తారని. రఘురామ్ శవం వెంట నడిచే జనాన్ని చూస్తున్నప్పుడు ఆ కళ్లకు మొదటిసారి లెక్క తప్పుతుంది. కోటయ్య మారిపోయాడని మనకు అర్థమయ్యేది ఆ లెక్క తప్పడం దగ్గరే. కన్నీళ్లు తర్వాత సంగతి. ఆ వేషానికి నంది వచ్చింది. నన్నడిగితే ఆయన మొత్తం పనిలో లక్ష్మీపతి కంటే కోటయ్య ఒక మెట్టు పైన. కోడి లేకుండా చేశారు కాబట్టి.

2007లో ‘ఆడవారి మాటలకు అర్థాలే వేరులే’. వెంకటేష్ తండ్రిగా కోట. కొడుకు ప్రేమించిన అమ్మాయికి నచ్చజెప్పబోయిన తండ్రికి ఆమె చేతి దెబ్బ తగులుతుంది, ఆ రాత్రే ఆయన పోతాడు. ఇన్నేళ్లు చెంపదెబ్బలు కొట్టిన, కొట్టించిన విలన్ ఒక దెబ్బ తిని నిలబడితే ఎలా ఉంటుందో అక్కడ చూడాలి. మధ్యతరగతి తండ్రి బజార్లో పరువు పోతే ముందు చూసేది ఎవరైనా చూశారా అని. కోట అంతవరకే చేస్తారు.

తెలుగు విలన్లు ఇంట్లో ఉండగా నిర్మాతలు పక్క రాష్ట్రాల నుంచి నటుల్ని తెచ్చి, అరువు గొంతు అతికిస్తున్నారని ఆయన చివరిదాకా బాహాటంగా పోట్లాడారు. కొందరు దాన్ని పాత నటుడి అక్కసుగా తీసుకున్నారు. నాకలా అనిపించదు. వేషానికి ఊరివ్వడమే తన పనిగా పెట్టుకున్న మనిషికి, ఒకరి ముఖం మీద ఇంకొకరి గొంతు వినిపిస్తే ఎలా ఉంటుంది? వంటవాడి ముందు డబ్బా కూర పెట్టినట్టుంటుంది.

డెబ్బైకి చేరువైన వయసులో, 2012లో, ‘గబ్బర్ సింగ్’ కోసం తాగుబోతుల పాట స్వయంగా పాడి కుర్రకారును ఊపారు. అదే ఏడాది క్రిష్ తీసిన ‘కృష్ణం వందే జగద్గురుమ్’లో సురభి నాటక సమాజం నడిపే తాతగా కనిపించారు. ముసలి నాటకాలవాడి వేషం. ఆ వేషానికి ఊరు వెతుక్కునే పని పడలేదు.

2025 జూలై 13న హైదరాబాద్ ఫిల్మ్‌నగర్‌లోని ఇంట్లో పోయారు. 83 ఏళ్లు నిండి మూడు రోజులైంది. ఇక టీవీలో ‘అహ నా పెళ్లంట’ వస్తూనే ఉంటుంది, ఏ ఆదివారమో ఏదో ఒక ఛానల్లో. ఈసారి వచ్చినప్పుడు బ్రహ్మానందం మాట్లాడే సీన్లలో బ్రహ్మానందాన్ని వదిలేసి, పక్కన వింటూ కూర్చున్న కోటను చూడండి.